ఆదెన్న రాగి దిమ్మ

ఆ పొద్దున ఆదెన్న ఒకే పని పెట్టుకున్నాడు. సాయంత్రం గుజిరీ వ్యాపారి వచ్చి లేతు మిషన్‌ను పాత ఇనుము కింద తూచుకుపోయేలోగా, దాని మీద కడసారిగా ఒక మంచి సామాను చెయ్యాలి. ఇనుమును తిప్పి చెక్కే ఆ లేతు వాళ్ల నాయనది. ఒకప్పుడు కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఆయిల్ ఇంజన్లన్నీ ఆ వాకిట్లోనే బాగుపడేవి; తెల్లారేసరికి రైతులు వరుస కట్టేవాళ్లు. ఇప్పుడు ఈగలు తోలుకోవడమే. తుప్పుకు ఎన్నాళ్లు కాపలా కాస్తావని భార్య సువర్ణ అడిగితే, పాపం, అమ్మకానికి ఒప్పుకున్నాడు.

పక్కన జిరాక్స్ అంగడి నడిపే మేనల్లుడు మారుతి కంప్యూటర్ ఎండకు మధ్యాహ్నానికల్లా ఆగిపోతుంది. ప్రాసెసర్ మీద రాగి దిమ్మ బిగించి లోపల నీళ్లు తిప్పితే చల్లబడుతుందట. ఇంజన్‌కు నీళ్లు తిప్పినట్టే కదా అనుకున్నాడు ఆదెన్న. నాయన దాచిన రాగి ముక్కను లేతుకు పట్టించి, గుండ్రంగా గాడులు తీసి, ఇత్తడి మూత వేశాడు. కాలిన నూనె వాసనకు నాయన పక్కనే నిలబడ్డట్టయి కళ్లు చెమర్చాయి.

కారుతుందేమో చూద్దామని, కూలర్ మోటారుతో బకెట్ నీళ్లను దిమ్మలోకి ఎక్కించాడు. అవి పైపులోంచి తిరిగి అదే బకెట్‌లో పడుతుంటే వాకిట్లో వదిలేసి కాఫీకి లోపలికి పోయాడు.

వారంగా కుళాయి రాని వీధి అది. ఎదురింటి బయమ్మ ఆ పైపులోంచి పడే నీళ్లు చూసింది. అడిగేది తర్వాత, ముందు బిందె పెట్టేసింది. దాని వెనక ఇంకో బిందె, దాని వెనక ఇంకోటి. ఆదెన్నకు బోరు పడిందన్న మాట వీధి చివరికి చేరేసరికి మూడించుల నీళ్లు పడ్డాయన్నదాకా పోయింది.

ఆదెన్న బయటికొచ్చేసరికి బకెట్ ఎండి, మోటారు కాలి పొగ లేస్తోంది. బిందెల వరుస మలుపు దాటింది.

"బోరు యాడిదమ్మా? అవి కంప్యూటర్‌కు పెట్టిన నీళ్లు" అన్నాడు నీరసంగా.

బయమ్మ అతన్నీ లేతునూ ఎగాదిగా చూసింది. "వరసలో నిలబడినాక ఉత్తచేతులతో ఎట్ల పోయేదప్పా? మా గ్రైండర్ ఇరుసు అరిగిపోయుండాది. చేసిస్తావా?"

ఆ మాట వెనక్కి పాకింది. వరుస తప్పకుండా బిందెలను అక్కడే ఉంచి, ఎవరిళ్లకు వాళ్లు పరుగెత్తారు. తిమ్మన్న బోరు మోటారు షాఫ్ట్ తెచ్చాడు. ఇంకొకరు బండి ఇరుసు తెచ్చారు. సాయంత్రం దాకా లేతు తిరుగుతూనే ఉంది. వాకిలి నిండా మనుషులను చూసి ఆదెన్నకు ఎన్నాళ్లకో కడుపు నిండింది.

గుజిరీ వ్యాపారి వచ్చాడు. జవాబు సువర్ణే చెప్పింది.

"మిషన్ ఖాళీ లేదన్నా. పనుంటే వరసలో నిలబడు."

మారుతి కంప్యూటర్ ఇప్పటికీ మధ్యాహ్నానికల్లా ఆగిపోతూనే ఉంది; ఆ కాలిన మోటారు వంతు ఇంకా రాలేదు.