ఢిల్లీలో ఉపన్యాసం, మా వీధిలో నీళ్ళు

ఎం.పి. అనేవాడు నియోజకవర్గానికి రాకూడదు. ఢిల్లీలోనే ఉండాలి. అక్కడ తనివితీరా మాట్లాడుతూ ఉండాలి. అలా అయితేనే మన అనంతపురం జిల్లా గొంతు తడుస్తుంది!

నవ్వకండి. ఇది నేను కాలేజీలో చదువుకున్న సిద్ధాంతం కాదు. ముదిగుబ్బకు అవతల మా ఊళ్ళో, ఈ ఎండాకాలం కళ్ళారా చూసి తెలుసుకున్నది.

మా సభ్యులవారు సామాన్యులు కారు. రాజ్యాంగ సవరణ అంటే చాలు, లేచి నిలబడతారు. అవినీతి నిరోధక బిల్లు అంటే భోజనం కూడా మానేస్తారు. ఆ మధ్య పార్టీ ఫిరాయింపుల మీద ఆయన మాట్లాడితే సభంతా బల్లలు చరిచిందట! మూడు పార్టీల అనుభవం ఉన్నవారు కనుక ఆ విషయం మీద సాధికారంగా మాట్లాడగలిగారు.

మాట్లాడిన ప్రతి ముక్కనూ తెలుగులో అచ్చు వేయించి మా పంచాయతీకి పంపుతారు. మంచి దళసరి కాగితం. కొందరు దీన్ని బెడద అంటారు. నేను ఒప్పుకోను. మా ఇంటావిడ పోయినప్పటి నుంచి నాకు హితబోధ చేసేవాళ్ళు లేరు. ఆ లోటును సాక్షాత్తూ పార్లమెంటే తీరుస్తోందంటే చిన్న విషయమా?

ఇక అసలు సంగతి. శివరాత్రికి ముందు మా ఊరి కింది వీధిలో బోరు వేశారు. నీళ్ళు పడ్డాయి! తియ్యటి నీళ్ళు! పైన బోరింగు కూడా బిగించారు. బిగించి, నీళ్ళు కొట్టే పిడిని మాత్రం ఊడదీసి మా సర్పంచి ఓబుళేసు చేతికిచ్చారు. ఎందుకు? ఎం.పి. గారు వచ్చి ప్రారంభించాలి కదా! ప్రారంభం కాని నీళ్ళు తాగడం ఎంత అమర్యాద!

ఆయన ఎలా వస్తారు? ఢిల్లీలో అవినీతి నిరోధక బిల్లు నడుస్తోంది. దేశం ముఖ్యమా, బిందె ముఖ్యమా?

కాబట్టి ఆడవాళ్ళు ఎప్పటిలాగే వంకకు పోయి, ఇసుకలో చెలమలు తవ్వి నీళ్ళు తోడుకున్నారు. పిడి లేని బోరింగు ఎండలో నిలబడింది. కింది వీధి మారెమ్మ దానికి శుక్రవారం శుక్రవారం పసుపు కుంకుమలు పెట్టింది.

మాది పై వీధి. మా పొరుగింటి హనుమక్కకు మోకాళ్ళ నొప్పులు. అయినా చెలమ నుంచి తెచ్చుకున్న నీళ్ళలో ఒక బిందె రోజూ మా గడపలో దించి వెళ్ళిపోయేది. ఆ నీళ్ళు ముంచుకోవడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు.

ఇంతలో కొత్త ఉపన్యాసం వచ్చింది. ఊరందరికీ వినిపించాలని ఓబుళేసు పట్టుబట్టాడు. ఎం.పి. గారంటే అతనికి ప్రాణం. బోరింగు పక్కనే మైకు పెట్టించి, చదివే పని నాకు అప్పగించాడు.

చదివాను. "ప్రజలకు చెందవలసినదాన్ని ఒక్కరోజు తన దగ్గర ఆపుకున్నా అది అవినీతే! ఎవరి కోసం ఆపుకున్నా అవినీతే! గ్రామ సర్పంచి మొదలుకొని అందరినీ ఈ చట్టం కిందికి తేవాలి..."

"మమ్మల్ని డిల్లీలో తల్చుకున్నాడు సూడండప్పా!" అని ఓబుళేసు పొంగిపోయాడు. "ఆ ముక్క మళ్ళా సదువన్నా!"

మళ్ళీ చదివాను, కాస్త గట్టిగా. ఈసారి అందరూ బోరింగు వైపు చూశారు. తర్వాత ఓబుళేసు వైపు చూశారు.

"ఏమయ్యా," అంది అతని భార్య తిరుపాలమ్మ. "మన మంచం కింద ఉండే పిడిని ఏం చేద్దాం? కసువు ఊడిసినప్పుడల్లా పొరక్కి తగులుతాండాది."

"అది నేను దాసుకునింది కాదే! ఎం.పి. కోసరం పెట్టింది!"

"ఎవురి కోసరమైనా అని సదివినాడు గదప్పా," అంది మారెమ్మ.

గొర్రెల పాపన్న కంబళి సర్దుకుంటూ లేచాడు. "అన్నా, సర్పంచి మొదలుకొని అంటివి. ఆ పట్టీ యాడిదాకా పోతాండాది? ఎం.పి. కూడా ఉండాడా అందులో?"

చూశాను. సర్పంచి, బిల్లు కలెక్టరు, గుమాస్తా, ఇంజనీరు, కలెక్టరు, కార్యదర్శి... పట్టీ మెట్టు మెట్టుగా చక్కగా పైకి పోయింది. సరిగ్గా అక్కడ, టైము అయిపోయిందని స్పీకరు గారు గంట కొట్టారని అచ్చయి ఉంది! అదీ చదివాను.

"మంచి టయానికి కొట్టినాడప్పా గంట!" అన్నాడు పాపన్న.

నవ్వులు ఆగేలోగా ఓబుళేసు ఇంటికి వెళ్ళి, పిడి భుజాన వేసుకొని వచ్చాడు. "ఎం.పి. మాట కాదనేకి నేనెంతోణ్ణి?" అంటూ తనే బిగించాడు. ముందు గాలి వచ్చింది. తర్వాత ఎర్ర నీళ్ళు. ఆ తర్వాత అద్దంలాంటి నీళ్ళు! హనుమక్క దోసిలి పట్టి తాగి, "సల్లగా ఉండాయన్నా" అంది.

చూశారా! ఆయన వచ్చి ఉంటే పందిరి, పూలదండలు, పలక డప్పుల మోత. వచ్చేదాకా పిడి మంచం కిందే. అదే ఉపన్యాసమైతే? పోస్టులో వస్తుంది!

బిల్లు అయిపోయాక ఆయన రానే వచ్చారు. బోరింగు చుట్టూ పారిన నీళ్ళకు మారెమ్మ చల్లిన కొత్తిమీర పచ్చగా లేచి ఉంది. ప్రారంభం కాని బోరింగు కింద ఇదెలా మొలిచిందని అడిగారు. ఓబుళేసు మొహం పాలిపోయింది.

"మీ ఉపన్యాసానికి మొల్సింది సార్!" అన్నాడు పాపన్న.

ఆయన పరమానందభరితులై, మా పై వీధికి ఇంకో బోరింగు అక్కడికక్కడే మంజూరు చేశారు! అన్న మాట తప్పలేదు. బోరు లారీ వచ్చింది. మా గడపకు ఎదురుగానే నీళ్ళు పడ్డాయి. బోరింగు బిగించారు.

పిడి మాత్రం ఈసారి ఓబుళేసుకు ఇవ్వలేదు. అతని మీద నమ్మకం పోయింది! ఇంజనీరు గారే జీపులో పట్టుకుపోయారు. ఎం.పి. గారు వచ్చి ప్రారంభిస్తారట.

హనుమక్క ఇప్పుడు కింది వీధి నుంచి దిన్నె ఎక్కి వస్తోంది. నిన్న పొద్దున మా గడపలో బిందె దించి, కొత్త బోరింగు మీది దుమ్మును కొంగుతో తుడిచి, దాని గట్టు మీద చతికిలబడింది.

"అన్నా, ఆయప్ప డిల్లీలో మళ్ళా ఎప్పుడు మాట్లాడతాడంట?"

"వానాకాలం సమావేశాల్లో," అన్నాను.

"వాన పడితేనా?" అని మోకాలు పట్టుకొని లేచింది.

అందుచేత స్పీకరు గారికి నాదొక్కటే మనవి. అయ్యా, ఈసారి ఆ గంటను ఒక్క నిమిషం ఆగి కొట్టించండి. పట్టీలో ఇంకొక్క మెట్టే మిగిలింది.