పాలిష్ పట్టిన పంకా

ఆ ఏడు పసుపు సీజన్ మొదలయ్యేనాటికి హన్మాండ్లు సేటు చేతిలో ఉన్నవి ఇవి: ఆర్మూర్ మార్కెట్‌కు ఎదురుగా ఒక దుకాణం, కొమ్ము విరిచి లోపలి రంగు చూసి ఆయన రకం చెబితే ఎవరూ మళ్లీ విరిచి చూడనంత పేరు, అబద్ధం చెప్పడం చేతగాని హమాలీ ఒకడు, ఒక సంఘానికి అధ్యక్ష పదవి. విమానం ఎక్కిన అనుభవం మాత్రం లేదు. సంఘం విమానాలది.

ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. 2007 నాటికి ఆర్మూర్‌లో పొద్దున నడిచేవాళ్లకు ఒక సంఘం, సాయంత్రం నడిచేవాళ్లకు ఒక సంఘం, నడవాలని అనుకుంటున్నవాళ్లకు ఒక సంఘం ఉన్నాయి. అన్నింటికీ అధ్యక్షులు ఉన్నారు. హన్మాండ్లు వ్యాపారి కనుక ఎక్కడ పోటీ లేదో అక్కడ చూశాడు. చుట్టుపక్కల ఇంటికొకరు గల్ఫ్ విమానం ఎక్కినవాళ్లే అయినా, పాత విమానాల గురించి మాట్లాడే హక్కు ఇంకా ఎవరూ పుచ్చుకోలేదు. వారం తిరగకుండా ‘ఆర్మూర్ ప్రాచీన, అసాధారణ విమానాల విజ్ఞాన సంఘం’ వెలిసింది. సభ్యులు పదకొండు మంది. అందులో పదిమంది పసుపు వ్యాపారులు, పదకొండోవాడు ఎరువుల దుకాణం నర్సయ్య. నర్సయ్యకు బస్టాండు పక్కన నెట్ సెంటర్‌లో కూర్చునే అలవాటు ఉంది కనుక విదేశీ వ్యవహారాల బాధ్యత అతనికి అప్పగించారు.

సంఘం పని పద్ధతిగా సాగేది. నెలకు రెండు ఆదివారాలు సమావేశం. ఒక్కో సభ్యుడు పాత విమానాల విశేషం ఒకటి చెప్పాలి. విన్నాక ముగ్గురు సభ్యుల కమిటీ దాన్ని ఒకటో రకం, రెండో రకం, మూడో రకం అని విడదీస్తుంది. విశేషం నిజమా కాదా అన్న ప్రశ్న నిబంధనల్లో లేదు. మార్కెట్‌కు వచ్చిన పసుపును ఇది పసుపేనా అని ఎవరూ అడగరు, ఏ రకం అనే అడుగుతారు. కాకపోతే కొమ్మునైతే విరిచి చూడవచ్చు, మాటను ఎలా విరవాలో సభ్యులకు తెలియలేదు. కనుక పైమెరుపు చూసి రకం కట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఒకానొక దేశపు రాజుగారి విమానంలో ఈతకొలను ఉండేదని, రాజుగారు ఈదుతున్నప్పుడల్లా విమానం ఆయన వైపుకు ఒరిగేదని నర్సయ్య చెప్పాడు. ఒకటో రకం. ఒక విమానం గాల్లోనే ముసలిదైపోయి, దిగడానికి ఓపిక లేక నాలుగు రోజులు మబ్బు మీద ఆగిందని ఇంకొకరు చెప్పారు. ఇదీ ఒకటో రకమే, కాకపోతే నాలుగు రోజులను రెండు రోజులకు తగ్గించారు.

హన్మాండ్లు దుకాణంలో బస్తాలు మోసే సాలోమోను ఆ సమావేశాలకు కుర్చీలు వేసేవాడు. అతడు గల్ఫ్‌లో ఒక పాత విమానాల మ్యూజియంలో ఆరేళ్లు తుడుపు పని చేసి వచ్చినవాడు. ఒక ఆదివారం సభ్యుల దగ్గర విశేషాలు తక్కువపడితే, హన్మాండ్లు పెద్ద మనసుతో అతణ్ణి నిలబెట్టాడు.

“లడాయి జమానాల ఒక విమానం మొత్తం కట్టెతోని చేసిండ్రు సార్” అన్నాడు సాలోమోను. “కుర్చీలు, బల్లలు చేసే వడ్లోళ్లే చేసిండ్రంట. ఇంకోటి ఎనిమిది ఇంజన్లది. అది గూడ కట్టెదే. ఒక్కపారి మైలు దూరం ఎగిరింది, మళ్ల ఎన్నడు ఎగరలే.”

కమిటీ రెండింటినీ మూడో రకంలో వేసింది. “ఒక్కపారి ఎగిరేటందుకు గంత పెద్దది ఎవడన్న చేస్తడా?” అని నర్సయ్య న్యాయంగానే అడిగాడు. “చెప్పేదేదో జర నమ్మేటట్టు చెప్పు.”

అంతా సవ్యంగా జరుగుతుండగా నర్సయ్యకు అధ్యక్ష పదవి మీద మనసైంది. శాశ్వత అధ్యక్షుడు ఒకరు ఉండాలని అతడే ప్రతిపాదించాడు. పాత విమానపు అసలు భాగం ఎవరు తెచ్చి చూపిస్తారో వాళ్లే అధ్యక్షులు. తీర్పు చెప్పడానికి హైదరాబాద్ నుంచి సుకుమార్ అనే రిటైరైన విమాన ఇంజనీరును పిలిపించాలి. నర్సయ్య దగ్గర అప్పటికే ఒక విమానం టైరు సిద్ధంగా ఉంది. దానికీ తన గోడౌన్ వెనక నిలబెట్టిన ట్రాక్టర్ టైరుకీ పోలిక యాదృచ్ఛికమని అతడు ముందే చెప్పాడు.

హన్మాండ్లుకు తిండి సహించలేదు. ముప్పై ఏళ్లుగా ఆయన సరుకు లేదనిపించుకోలేదు. విమానం సరుకు ఎక్కడ దొరుకుతుందని దిగులుపడుతుంటే, గోడౌన్‌లో కొమ్ములు ఏరే లసుమవ్వ చేట పక్కన పెట్టింది.

“మా మామ దినాలల్ల వేల్పూర్ కాడ చేన్ల విమానం పడ్డదంట సేట్. దొరికినోళ్లకు దొరికింది పట్కపోయిండ్రు. మాకు గా చెక్క దక్కింది. మా అత్త దినాలకెల్లి దాని మీదనే కుండలు పెడుతున్నం.”

వెళ్లి చూశారు. ఏడు అడుగుల చెక్క. రెండు కొసలు రెండు వైపులకు మెలి తిరిగి ఉన్నాయి, నడుమ గుండ్రటి రంధ్రం. అంచుకు నల్లబడిన ఇత్తడి రేకు. పొగకు, మసికి మాసిపోయి ఉంది. సాలోమోను దాని ముందు కూర్చుని, రంధ్రం చుట్టూ దుమ్మును నోటితో ఊదాడు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు బయటపడ్డాయి. అతడు వాటిని రెండుసార్లు వేలితో తడిమాడు.

“విమానం ముందల గిర్రున తిరిగే పంక సేట్ ఇది. అసల్‌ది” అన్నాడు మెల్లగా.

“వారంల తెచ్చిస్త లసుమవ్వా, నా మాట” అన్నాడు హన్మాండ్లు. ముప్పై ఏళ్లుగా ఆయన మాట ఎలాంటిదో ఆమెకు తెలుసు కనుక కుండలు నేల మీదకు దించింది.

దుకాణానికి తెచ్చాక చెక్కను హన్మాండ్లు సరుకును చూసినట్టు చూశాడు. నల్లగా ఉంది, గరుకుగా ఉంది. పైతోలు పోయేదాకా పాలిష్ పట్టని కొమ్మును ఎవరూ ముట్టరు. కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ములో వేసి తిప్పుదామంటే ఏడు అడుగులది పట్టలేదు. వడ్రంగి దేవయ్యను పిలిపించాడు.

“సేట్, గా నంబరు కాడ గీకియ్యకు” అన్నాడు సాలోమోను. “దుమ్ము తుడువు, పాతదనం తుడ్వకు అని మా సూపర్‌వైజర్ రోజు చెప్పెటోడు. గా నంబరు పోతే అది ఉట్టి చెక్కనే.”

“పాలిష్ పట్టని మాల్ ఎవడన్న కొంటడారా?”

“మాల్ గాదు సేట్ అది, పంక.”

“నేను కొమ్ము చూసి రైతు ఊరు చెప్తా. నువ్వు నాకు చెక్క గురించి చెప్తవా? పో, బస్తాలు దించు.”

దేవయ్య రెండు రోజులు గరుకు కాగితంతో రుద్దాడు. ఇత్తడి రేకు అందానికి అడ్డమని పీకేశాడు. అక్షరాల గుంతల్లో లప్పం నింపాడు. చివరికి, మార్కెట్‌లో మంచి సరుకుకు చేసినట్టే, హన్మాండ్లు స్వయంగా పసుపు పొడి కలిపిన రంగు పట్టించాడు. పంకా పెళ్లికొడుకులా తయారైంది.

ఆదివారం సభ ఘనంగా జరిగింది. టైరును సుకుమార్ ఒక్కసారి చూసి, దాని మీద ట్రాక్టర్ బొమ్మ ఉందని మర్యాదగా చూపించాడు. తరువాత హన్మాండ్లు లేచి ప్రసంగించాడు. “ఈ పంకా ఒకనాడు ఆకాశాన్ని చిలికింది. నేడు ఆర్మూర్ కీర్తిని చిలుకుతోంది. దీని వయసు మనకు తెలియదు, తెలియనంత పాతది అనడానికి అదే రుజువు” అన్నాడు. చప్పట్లు మోగాయి.

సుకుమార్ పంకా దగ్గరకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతి వంపుతో చెక్క వంపును కొలిచాడు. ఆయన ముఖం వెలిగింది. నడుమ రంధ్రం దగ్గరకు వచ్చేసరికి మళ్లీ ఆరిపోయింది.

“చెక్క పనితనం చూస్తే అసలుదే అనిపిస్తోంది” అన్నాడు. “ఇక్కడ నంబరు ఉండాలి. అది దొరికితే ఏ విమానానిదో, ఏ ఏడు చేశారో చెప్పగలను. ఇలాంటివి దేశంలో ఎన్ని మిగిలాయో కూడా తెలియదు. నంబరు లేకుంటే, క్షమించండి, ఇది రంగేసిన చెక్క.”

“ఉండె సార్” అని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. సాలోమోను కుర్చీల వరుస వెనక నిలబడి ఉన్నాడు. “నంబరు ఉండె. నాకు యాదికున్నది.”

సుకుమార్ గబుక్కున లేచి జేబులోంచి పెన్ను తీశాడు.

ఆ నిమిషంలో హన్మాండ్లు వ్యాపారి బుర్ర చకచకా పనిచేసింది. సాలోమోను నంబరు చెబితే పంకా అసలుదవుతుంది. కానీ దాన్ని గీకించింది ఎవరన్న ప్రశ్న వస్తుంది. కొమ్ము చూసి ఊరు చెప్పే మనిషికి చెక్క చూసి విలువ తెలియలేదని, తన హమాలీకి తెలిసిందని పదిమందిలో తేలుతుంది. నర్సయ్య అప్పుడే మీసం చాటున నవ్వడం మొదలుపెట్టాడు.

“నంబరు ఎన్నడూ లేదు సార్” అన్నాడు హన్మాండ్లు. ఆపై వెనక్కి తిరిగి, చాలా ప్రేమగా అడిగాడు. “ఉన్నదారా సాలోమోనూ?”

సాలోమోను సేటును చూశాడు. పంకాను చూశాడు. సీజన్ ఇంకా మూడు నెలలు ఉంది.

“లేదు సేట్” అన్నాడు.

సుకుమార్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. వెళ్లేముందు గోడ మీది విశేషాల పట్టిక చదివి, మూడో రకం కింద ఉన్న రెండు కట్టె విమానాలు మాత్రమే నిజమని, ఒకటో రకంలోవి ఎక్కడా జరగలేదని చెప్పాడు. ఆయనకు శాలువా కప్పి, బస్సు ఎక్కించి వచ్చి, ఆయనకు పాత విమానాల గురించి ఏమీ తెలియదని సభ తీర్మానించింది. ఇంత మెరిసేది ఉట్టి చెక్క ఎలా అవుతుందని నర్సయ్యే మొదట అన్నాడు. అతనికి ఉపాధ్యక్ష పదవి దక్కింది. ఈతకొలను విమానం దగ్గర తల ఊపి, కట్టె విమానం దగ్గర నవ్విన పాఠకులకు కూడా గౌరవ సభ్యత్వం ఇవ్వడానికి సంఘం సిద్ధంగా ఉంది.

వారానికి లసుమవ్వ వచ్చింది. “నా చెక్క, సేట్” అంది. అద్దాల పెట్టెలో ఉన్న పంకాను చూసి కాసేపు గుర్తుపట్టలేదు. అది ఇప్పుడు ఊరి ఆస్తి అని, కుండల కోసం రెండు ప్లాస్టిక్ స్టూళ్లు తీసుకెళ్లమని చెప్పారు. ఆమె స్టూళ్ల వైపు చూడకుండా వెళ్లి చేట పట్టుకుంది. ముప్పై ఏళ్ల మాట అక్కడికి సరిపోయింది.

సీజన్ చివర మిగిలింది ఇది: శాశ్వత అధ్యక్ష పదవి, పసుపుపచ్చటి పంకా ఒకటి, ఎవరూ తీసుకెళ్లని స్టూళ్లు రెండు. హమాలీ కూడా ఉన్నాడు. రోజూ దుకాణం కట్టేసే ముందు హన్మాండ్లు అద్దాల పెట్టెను తుడిపిస్తూ “ఎట్లున్నదిరా?” అని అడుగుతాడు.

“మస్తుగున్నది సేట్” అంటాడు సాలోమోను.

ఒక్క కొమ్మైనా విరిచి చూడనిదే బస్తా దించనివ్వని హన్మాండ్లు, ఆ మాటను మాత్రం విరవకుండానే తీసుకుని, నవ్వుకుంటూ ఇంటికి పోతాడు.