అటక మీద ముగ్గు

ఆ సోమవారం పొద్దున కృష్ణమోహన్ వేసుకున్న పథకంలో వెతికినా లొసుగు దొరకదు. బెల్ట్‌వే మీద కార్లు నత్తనడక మొదలెట్టకముందే ఇల్లు వదిలి బెథెస్డా ఆఫీసులో పడాలి. ఈలోగా ఇక్కడ హెర్న్‌డన్‌లో, కాంట్రాక్టర్ డెన్నిస్ మనుషులు వచ్చి అటక మీద అడ్డగోడలు నిలబెడతారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అతని గది సిద్ధంగా ఉంటుంది. తలుపుతో సహా.

ఆ తలుపు గురించి కాస్త చెప్పుకోవాలి. కృష్ణమోహన్‌కి నలభై ఎనిమిదేళ్ళు నిండాయి గానీ, తలుపేసుకుని కూర్చోవడానికి ఓ గదంటూ ఎప్పుడూ లేదు. గుడివాడలో ఏడుగురు సర్దుకున్న రెండు గదుల వాటాలో పెరిగాడు. హాస్టల్లో ముగ్గురి మధ్య చదివాడు. అమెరికా వచ్చి ఇల్లు కొనుక్కుంటే బేస్‌మెంట్ కూతురు వేద ఆక్రమించింది, లివింగ్ రూమ్‌ని భార్య రేణు సంగీతం క్లాసు ఆక్రమించింది. వారానికి రెండుసార్లు ఎనిమిది మంది పిల్లలు సరళీ స్వరాలు పాడుతుంటే, అతను గరాజ్‌లో కారెక్కి కూర్చుని ఈమెయిల్స్ చూసుకునేవాడు.

అలాంటి మనిషికి మేనేజర్ ఓ వరమిచ్చాడు. వారానికి రెండు రోజులు ఇంటినుంచే పనిచేసుకోవచ్చు. షరతు ఒక్కటే: తలుపున్న విడిగది ఉన్నట్టు ఈ నెలాఖరులోగా ఫోటో పంపాలి. ఫోటో లేకపోతే వరం లేదు.

అటకని గదులుగా మార్చే పని అప్పటికే నడుస్తోంది. మెట్లూ కిటికీలూ అయ్యాయి. లోపలి ఏర్పాటు దగ్గరే పేచీ వచ్చింది. మొత్తం ఒకే హాలుగా ఉంటే క్లాసుకి బాగుంటుందని రేణు, నిట్టనిలువునా చీల్చి సగం తనకివ్వాలని కృష్ణమోహన్, మూడు వారాల పాటు ఎవరి పట్టు వాళ్ళు పట్టారు. చివరికి ఓ మూల అతనికి చిన్న గది, మిగతాదంతా హాలు అని రాజీకొచ్చారు. డెన్నిస్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, గోడలు ఎక్కడ కావాలో నేలమీద చాక్‌పీసుతో గీసిపెట్టమన్నాడు. తనవాళ్ళు సరిగ్గా గీతమీదే గోడ లేపుతారట. ఎందుకిక్కడ, ఎందుకలా అని తాను అడగడట. వెనక ఓ ఇండియన్ ఇంట్లో వంటగది తలుపు దిక్కు గురించి వాదించి కాంట్రాక్టు పోగొట్టుకున్నాడట. అప్పట్నుంచీ మనవాళ్ళ లెక్కల జోలికి వెళ్ళడం మానేశాడు.

ఆదివారం సాయంత్రం కృష్ణమోహన్ పురికొస పట్టుకుని అటకెక్కాడు. గీతలు చక్కగా గీశాడు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు కదా అని తన గది గోడ గీతని రెండడుగులు హాల్లోకి జరిపాడు. సంగీతానికి రెండడుగులు తగ్గితే శ్రుతి పోతుందా ఏమిటి? చేతులు దులుపుకుని కిందికొచ్చి, "పైన ముగ్గు పోసేశాను" అన్నాడు. అతని వైపు ఇల్లు కట్టేముందు పునాది గీతలు గీయడాన్ని ముగ్గు పోయడమనే అంటారు. అందులో అతని తప్పేమీ లేదు. తప్పు రెండడుగుల్లో ఉంది.

సోమవారం అతను వెళ్ళిన కాసేపటికి షాంటిలీ నుంచి దమయంతి గారు దిగారు. ఆవిడ రిటైరైన డాక్టరు. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏ పని మొదలైనా కొబ్బరికాయ ఆవిడ చేత్తో పగలాల్సిందే. రేణు అప్పటికే బ్యాంకులో డ్యూటీకి ఆలస్యమై బ్యాగు వెతుక్కుంటోంది.

"పైన ముగ్గు వేశావుటమ్మా?" అన్నారు దమయంతి గారు.

"రాత్రే అయిపోయిందండీ. ఆయనే పోశారు."

దమయంతి గారు ముచ్చటపడ్డారు. తాను చూసుకుంటానని రేణుని సాగనంపి, పళ్ళెం పట్టుకుని అటకెక్కారు. అక్కడ నాలుగు బోడి గీతలు కనిపించాయి. ఆవిడకి జాలేసింది. పాపం, మగాడు, చేతనైనంత వేశాడు అనుకున్నారు. తడిగుడ్డ తెచ్చి మొత్తం శుభ్రంగా తుడిచేసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, అటకంతా నిండేలా ఎనిమిది రేకుల పద్మం వేశారు. ఓ మూల దీపం పెట్టి ఎదురుగా కూర్చునేంత చదరం గీశారు. కొబ్బరికాయ కొట్టేసరికి డెన్నిస్ మనుషులు మెట్లెక్కి వచ్చారు. ఇందులో ఒక్క గీత చెరిగినా ఊరుకోనని ఇంగ్లీషులో వాళ్ళని గట్టిగా హెచ్చరించి, ఆవిడ షాంటిలీ వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం కావస్తుండగా రేణు కృష్ణమోహన్‌కి ఫోన్ చేసింది.

"ఏమండీ, మీ ముగ్గు దమయంతి గారు సరిచేశారంట. ఇప్పుడే కాల్ చేశారు."

దొరికిపోయాననుకున్నాడు కృష్ణమోహన్. ఆవిడ టేపు పట్టి కొలిచారన్నమాట.

"సారీ రేణూ. ఏదో ఆశకొద్దీ జరిపాను. ఆ రెండడుగులూ నీవే."



"ఏ రెండడుగులు?" అంది రేణు.

మిగతా సంభాషణ ఇక్కడ అనవసరం. ఇకమీదట గీతల గురించి నోరెత్తనని ఒప్పుకున్నాకే ఆమె ఫోన్ పెట్టేసింది. అతను కుక్కిన పేనులా మీటింగ్‌కి వెళ్ళి కూర్చున్నాడు. అంతలోనే డెన్నిస్ ఫోన్. తన మనుషులు ఫోన్ చేసి ఏదో చెప్పారట, వాళ్ళు చెప్పింది తనకే నమ్మబుద్ధి కాలేదట.

"ఈ గీతలు మీరు చెప్పినట్టు లేవు. ఇలాగే కట్టమంటారా?"

"సరిచేసిన గీతలే ఫైనల్. మా ఇంట్లో పెద్దావిడ చేశారు. ఒక్క అంగుళం కూడా మార్చద్దు" అన్నాడు కృష్ణమోహన్ గుసగుసగా.

"మధ్యలో ఫ్లవర్ ఉంది. అదీ కట్టాలా?"

పక్కన ఎవరో సేల్స్ లెక్కలు చదువుతున్న హోరులో అతనికి ఫ్లోర్ అని వినిపించింది. ఫ్లోర్ మీద ఏ గీతుంటే అది కట్టమన్నాడు. గోడలు నడుమెత్తులో చాలా అని డెన్నిస్ అడిగితే, కప్పు వాలుగా దిగే అంచుల సంగతి కాబోలనుకుని చాలన్నాడు. మూలనున్న చదరం మాటేమిటంటే అతని ప్రాణం లేచొచ్చింది.

"అది పైకప్పు దాకా కట్టండి. దానికి తలుపు పెట్టండి. తలుపు ముఖ్యం."

సాయంత్రం కృష్ణమోహన్ అటకెక్కి చూశాడు. పలచటి చెక్కలు వంచి, నడుమెత్తున, ఎనిమిది రేకులూ ఎక్కడికక్కడ కట్టేశారు. మధ్యలో గుండ్రటి ఖాళీ. ఇరవయ్యేళ్ళలో ఇంత అందమైన పని చేయలేదని డెన్నిస్ మురిసిపోతున్నాడు. మూలన దీపం చదరం కప్పుదాకా లేచి, నిలబెట్టిన బీరువాలా ఉంది. కొట్టేసిన రెండడుగుల సంగతి దేవుడెరుగు, ఆ గది వెడల్పే నాలుగడుగులు.

వేద తొంగిచూసి, "నాన్నా, దిస్ ఈజ్ సో కూల్, ఇది మన ఇల్లేనా?" అంది.

విప్పేద్దామన్నాడు కృష్ణమోహన్. విప్పొచ్చు గానీ, రేపట్నుంచి తనవాళ్ళు లీస్‌బర్గ్‌లో వేరే పనికి వెళ్తున్నారని, మళ్ళీ ఇటు తిరిగేది వచ్చే నెలలోనేనని డెన్నిస్ చెప్పాడు. వచ్చే నెలంటే ఫోటో గడువు దాటిపోతుంది. కృష్ణమోహన్ కూలబడ్డాడు. రేణు ఇక చెడామడా తిడుతుందని కళ్ళు మూసుకున్నాడు. ఆమె తిట్టలేదు. మెల్లగా పద్మం మధ్యలోకి నడిచి, నిలబడి, సా అని ఒక్క స్వరం పట్టింది. వాలు కప్పు కింద ఆ స్వరం గుండ్రంగా తిరిగి మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చింది.

"శనివారం క్లాసు దాకా ఉంచండి. చూద్దాం" అంది.

శనివారం ఎనిమిది మంది పిల్లలు ఎనిమిది రేకుల్లో కూర్చున్నారు. ఎవరి జడా ఎవరి చేతికీ అందలేదు. ఎవరి గుసగుసా ఎవరికీ వినబడలేదు. రెండేళ్ళుగా అందరి వెనకా దాక్కుని పెదవులు మాత్రమే కదుపుతున్న మానవ్‌కి దాక్కునే చోటు దొరకలేదు. గత్యంతరం లేక నోరు తెరిచాడు. వాడి గొంతు విని రేణు తాళం వేయడం మరిచిపోయింది. కిందికి దిగి కృష్ణమోహన్‌తో ఒకే మాట చెప్పింది.

"అందులో ఒక్క చెక్క కూడా కదిపేది లేదు."

కృష్ణమోహన్ బుర్ర గోక్కుని మూలగది దగ్గరికి వెళ్ళాడు. ఓ మడతకుర్చీ పట్టింది. గోడకి పలక బిగిస్తే లాప్‌టాప్ పట్టింది. మోకాళ్ళు గోడకి ఆనాయి గానీ, మిగతా మనిషంతా లోపలికే వచ్చాడు. తలుపు దగ్గరికి లాగాడు. ప్రపంచం ఆగిపోయినంత నిశ్శబ్దం. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తనొక్కడే ఒక గదిలో ఉన్నాడు. అతనికి కళ్ళు చెమర్చాయి. గది చిన్నదైతేనేం, అందులో వాటాదార్లు లేరు.

వేద బయటినుంచి ఫోటో తీసింది. అందులో తలుపు దివ్యంగా వచ్చింది. గది ఎంతుందో ఫోటోలో తెలియదు, మేనేజరూ అడగలేదు. సోమవారానికల్లా అనుమతి వచ్చింది.

మంగళవారం కృష్ణమోహన్ ఇంటినుంచి పని మొదలెట్టాడు. బెల్ట్‌వే లేదు, గరాజ్‌లో కారెక్కి కూర్చోవడం లేదు. సాయంత్రం పిల్లలు మెట్లెక్కి వస్తున్న చప్పుడయింది. రేణు తలుపు దగ్గరికొచ్చి, "ఏమండీ, క్లాస్ స్టార్ట్ చేస్తున్నాం. డిస్టర్బ్ అవకుండా తలుపేస్తున్నా" అంది. కొత్తగా ఆఫీసు గది అమర్చుకున్న పెద్దమనిషి హుందాతనంతో, వెయ్యమని తలూపాడు.

ఆ గదిని సామాన్లు పెట్టుకునే అర అనుకున్న డెన్నిస్ మనుషులు గడియని బయటివైపు బిగించారన్న సంగతి, క్లాసు మధ్యలో కాఫీ తాగాలనిపించినప్పుడు గానీ అతనికి తెలియలేదు.