మాల తీసిన అరగంట

ఆ ఆదివారం పొద్దున అంబిక పెట్టుకున్న పని చాలా చిన్నది. మార్కెట్‌కు పోయి శనగపప్పు, బెల్లం తేవాలి. భక్షాలు చేయాలి. పదిన్నరకల్లా మొగుణ్ని ఉతికిన అంగీలో మనిషిలాగా కూర్చోబెట్టాలి. అప్పటికి రుద్రూర్ నుంచి అన్న భూమేశ్ వస్తాడు, వెంట అంబిక కూతురు సింధుజను తెస్తాడు. మొగుడు పండరి తాగుడు పడలేక రెండేళ్ల కిందట పిల్లను తనే తీసుకుపోయి అన్న ఇంట్లో దింపి వచ్చింది అంబిక. ఐదో తరగతి అక్కడే అయిపోయింది. "నా కండ్లతోని చూస్త. నమ్మకం కుదిరితే పిల్లను ఇడిసిపెడ్త, లేకుంటే మళ్ల తోల్కపోత" అని భూమేశ్ ఫోన్లోనే చెప్పేశాడు.

నమ్మకం ఉన్నదల్లా పండరి మెడలోని తులసిమాల మీదే. ఏడు నెలల కింద భజన మండలి పెద్ద సమ్మన్న అతణ్ని పండరీపురం తీసుకుపోయి వేయించాడు. మాల పడితే మందూ మాంసమూ బంద్. ఉండలేనివాడు మాల తీసేసి మరీ తాగుతాడు తప్ప, మాలతో తాగడు. అంచేత బాన్సువాడలో ఇలాంటి ఇల్లాళ్లు పొద్దున లేవగానే దేవుడి ముఖం కాదు, మొగుడి మెడ చూస్తారు. అంబిక చూసింది. ఉంది.

"ఇంట్లకెల్లి బయటికి పోకు. గంటల వస్త" అంది సంచి అందుకుంటూ.

"నేనేడికి పోత? నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు పండరి.

పన్నెండేళ్ల సంసారంలో అతను ఆ మాట అన్నప్పుడల్లా ఏదో ఒకటి అయింది. అయినా వెళ్లింది. వెళ్లకపోతే బెల్లం ఎవరు తెస్తారు?

ఆమె మలుపు తిరిగిందో లేదో, పక్క గల్లీలో ఫోటో స్టూడియో నడిపే దయానంద్ దిగాడు. తాగుడు ఒక కాపురాన్ని ఎట్లా కూలుస్తుందో చూపిస్తూ పోటీకి పొట్టి సినిమా తీస్తున్నాడు. భార్య పాత్రకు ఊళ్లో ఏ ఆడమనిషీ ఒప్పుకోలేదు. అడిగిన ప్రతి ఇల్లాలూ, "ఇంటికాడ రోజు ఏస్తున్న ఏషం సాలదా?" అని తలుపు వేసుకుంది. సరే, భర్తనైనా తీద్దామంటే హీరో నగేశ్ ఆ పొద్దునే ఎగ్గొట్టాడు. అతనికి సంబంధాలు చూస్తున్నారు. పిల్లనిచ్చేవాళ్ల కంట తాగుబోతుగా పడితే ఇంకేమన్నా ఉందా!

"అరగంట అన్నా. నువ్వే చెయ్యాలె."

"నాకు యాక్టింగు రాదు తమ్మీ."

"యాక్టింగెందుకన్నా, అనుభవం ఉండె గద!"

పండరికి మాట గుచ్చుకుంది. కానీ గుచ్చుకున్న చోటే ఆశ కూడా పుట్టింది. ఏడు నెలలుగా ఎవరి ముందూ తలెత్తి మాట్లాడింది లేదు. తనను చూసి నలుగురు తాగుడు మానితే, తన పాపం కొంచెమన్నా కడిగినట్టు కాదా? ఒప్పుకున్నాడు. మాల ఉన్న మెడతో సీసా ఎత్తడానికి మాత్రం చేతులు రాలేదు. దండం పెట్టుకుని, మాల తీసి విఠోబా పటానికి వేశాడు. దయానంద్ ఖాళీ సీసాలో నల్లచాయ పోసి చేతికిచ్చాడు. సహజంగా రావాలని కెమెరా ఇంట్లో కిటికీ వెనక దాచి, తనూ అక్కడే దాక్కున్నాడు.

ఇప్పుడు రోడ్డు మీద నుంచి చూసేవాళ్లకు కనిపించేది ఏమిటంటే, వాకిట్లో ఒంటరిగా పండరి, సీసా, ఖాళీ మెడ.

ఎదురింటి గంగవ్వ సరిగ్గా అదే చూసింది. పండరి తూలుతూ వచ్చి గుంజను కౌగిలించుకుని "ఎవడ్రా నన్ను ఆపేటోడు?" అని అరుస్తుంటే, పాపం ఆమె చేతిలోని చాట జారిపోయింది. "అయ్యో, మాల తీసిండే!" అని భజన మండలికి ఫోన్ కొట్టింది. మార్కెట్‌లో బెల్లం తూయించుకుంటున్న అంబికకూ కొట్టింది. అంబిక తూచిన బెల్లం సంచిలో వేసుకుని ఆటో ఎక్కింది.

ఈలోపు మోటారు సైకిలు మీద భూమేశ్ వచ్చాడు, అరగంట ముందే. దిగాడు, చూశాడు, పోయి బావ చెంప ఛెళ్లుమనిపించాడు. పండరి సీసాతో సహా కూలబడ్డాడు. కిటికీ వెనక దయానంద్, "అబ్బా, ఏం సీను!" అని కెమెరా ఆపలేదు. సమ్మన్న రెండాటోల్లో మండలిని వెంటేసుకుని దిగాడు. తొందరలో ఎవరి భజన తాళాలు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. గల్లీ వాళ్లు ఊరేగింపు అనుకుని బయటికొచ్చారు.

అప్పుడు వచ్చింది అంబిక. సంచి కింద పెట్టి మొగుడి ముందు గొంతుక్కూర్చుంది. అరవలేదు.

"నాకు కోపం గూడ వస్తలేదు. కోపానికి గూడ తాకత్ ఉండాలె గద. పసరు తాగిపిచ్చిన, దవాఖానకు తీస్కపోయిన, నీ కాళ్లు గూడ మొక్కిన. నా బిడ్డను నా చేతులతోని పరాయి ఇంట్ల దింపొచ్చిన. ఇయ్యాల అది వస్తదని రాత్రంత నిద్ర పోలే. ఒక్క పూట ఆగకపోతివా? ఒక్క పూట?"

గంగవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. దయానంద్ కూడా కళ్లు తుడుచుకుని, అప్పుడు గుర్తొచ్చి బయటికి ఉరికాడు.

"వదినే, గిది షూటింగు! అన్న తాగలే! సీసల ఉన్నది చాయ!"

ఎవరూ నమ్మలేదు. సీసా ముట్టుకోను అని సమ్మన్న వెనక్కి జరిగాడు. భూమేశ్ వాసన చూసి, "చాయనే. కలుపుకొని తాగిండేమో" అన్నాడు. "నిజంగ తాగలే బావా" అని పండరి మొత్తుకున్నాడు. ఏం లాభం? తాగినప్పుడు కూడా సరిగ్గా ఇట్లాగే మొత్తుకునేవాడు.

"బాపు తాగలే మామా."

అందరూ తిరిగి చూశారు. సింధుజ బండి పక్కనే, బ్యాగు భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"నీకెట్ల తెలుసు బిడ్డా?" అన్నాడు భూమేశ్.

"తాగితే బాపు గిట్ల తూలడు. మస్తు సక్కగ నడుస్తడు, మెల్లగ. చెప్పులు ఇడిసి రెండు జోడిచ్చి పెడ్తడు. నేను పండుకున్ననా లేదా అని వంగి చూస్తడు. నేను కండ్లు మూసుకుంట." బ్యాగు భుజం మీదికి లాక్కుంది. "గీ తూలుడు సినిమాలల్ల తూలుడు."

పండరి తాగినప్పుడు తనెట్లా ఉంటాడో ఎప్పుడూ చూసుకోలేదు. చూసింది ఈ పిల్ల. అతను మోకాళ్లలో ముఖం దాచుకుని ఏడ్చాడు, నిజంగానే. అంబిక పోయి పిల్ల భుజం మీది బ్యాగు తీసుకుంది. తీసిన మాల ఊరికే వేసుకోరాదనీ, ఏకాదశి ఉపవాసం ఉండి మళ్లీ తన చేతుల మీదుగా వేసుకోవాలనీ సమ్మన్న తీర్పు చెప్పాడు. మండలి వాళ్లు వచ్చినందుకు విఠోబా మీద ఒక అభంగం పాడి, చాయ తాగి పోయారు.

భూమేశ్ మాత్రం కరగలేదు. "సెలవులు అయిపోయేదాంక ఉంచుత. బడి తెరిసెనాడు మళ్ల వచ్చి చూస్త. నాకింక పూర నమ్మకం కుదరలే" అని బండెక్కాడు. ఆ మధ్యాహ్నం భక్షాల పిండి కలుపుతున్న అంబికను, జరిగిందంతా సినిమాలో పెట్టుకోవచ్చా అని దయానంద్ బతిమాలాడు. "ఏమన్న చేస్కో తమ్మీ. నన్నైతే ఇడిసిపెట్టు" అంది.

బడులు తెరవడానికి నాలుగు రోజుల ముందు పోటీ ఫలితం వచ్చింది. బహుమతి రాలేదు. న్యాయనిర్ణేతలు రాసి పంపిన కాగితం దయానంద్ తెచ్చిచ్చాడు. భార్య పాత్ర అత్యంత సహజంగా ఉందట. భర్త పాత్రధారికి మాత్రం మద్యం అలవాటు బొత్తిగా లేదని చూడగానే తెలిసిపోతోందట.

అంబిక ఆ రెండో వాక్యానికి ఫోటో తీసి, రుద్రూర్‌లోని అన్నకు పంపించింది.