కోతపండుగ బల్ల మీద గొలుసు రంపం

శనివారం ఉదయం జ్ఞానశేఖర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీలు తినడం, స్కూటర్ మీద రంపాన్ని సీతాఫల్‌మండి చర్చికి తీసుకెళ్లడం, ఆవరణలో పడి ఉన్న వేపమానును పలకలుగా చీల్చడం, మధ్యాహ్నానికల్లా మెట్టుగూడ క్వార్టర్‌కు తిరిగొచ్చి ఆ సంగతి భార్యకు గొప్పగా చెప్పుకోవడం. వీటిలో ఇడ్లీల వరకు అనుకున్నట్టే జరిగింది.

జ్ఞానశేఖర్ రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు. ఫైళ్ల ముడులు తప్ప జీవితంలో మరో వస్తువును విప్పి ఎరగడు. వేసవి గాలివానకు చర్చి ఆవరణలోని వేపచెట్టు కూలినప్పుడు, అంత లావు మానును ఎత్తుకెళ్లడానికి తమ లారీ ఆ సందులోకి రాదని కోత మిల్లు వాళ్లు చెప్పేశారు. సంఘ కార్యదర్శి యేసురాజు కట్టెల అడితికి అమ్మేద్దామన్నాడు. అప్పుడు జ్ఞానశేఖర్ ఏ ధైర్యంతో లేచాడో అతనికే తెలియదు. "మన పిల్లలంతా ఆ చెట్టు కిందే ఆదివారపు బడి చదువుకున్నారు. దాన్ని పొయ్యిలో పెట్టనివ్వను. నేనే కోసి మందిరానికి బల్లలు చేయిస్తా" అన్నాడు.

"దేనితో కోస్తారండీ, పెన్నుతోనా?" అన్నాడు యేసురాజు. సంఘమంతా నవ్వింది. ఆ నవ్వు జ్ఞానశేఖర్ చెవుల్లో చాలాకాలం మోగింది. చివరికి సంఘస్తులు పంట కానుకలు తెచ్చే కోతపండుగ దాకా గడువిచ్చారు. ఆ ఆదివారం సాయంత్రానికి మాను చీలకపోతే అడితి బండి వచ్చి ఎత్తుకుపోతుంది.

మౌలాలిలో ఒక తుక్కు దుకాణంలో అతనికి ఆ గొలుసు రంపం దొరికింది. ఏ అడవిలో పని చేసిందో ఏమో, పెట్రోలు ఇంజను బిగుసుకుపోయింది, గొలుసు తుప్పుపట్టింది, లాగే తాడు అసలు లేనే లేదు. అమ్మినవాడు జాలిపడి దాన్నో గోనెసంచిలో పెట్టి ఇచ్చాడు. ఆనాటి నుంచి భార్య కాంతమణి వంటింటికి మనశ్శాంతి లేకుండా పోయింది. కార్బురేటర్ ముక్కలు ఆమె చాటలో ఆరాయి. గొలుసు పులుసు గిన్నెలో కిరసనాయిల్ తాగుతూ రెండు వారాలు నానింది. జ్ఞానశేఖర్ పిస్టన్ రింగులు మార్చాడు, వాషర్లు కత్తిరించి వేశాడు. కొమ్మను అడ్డంగా నరికే పన్ను వేరు, మానును నిలువునా చీల్చే పన్ను వేరు అని తెలుసుకుని, గుండ్రటి ఆకురాయితో ఒక్కొక్క పన్నూ కొత్త వాలుకు అరగదీశాడు. ఒక సాయంత్రం పెరట్లో తాడు లాగితే అది దగ్గి, పొగ కక్కి, క్వార్టర్స్ కిటికీలన్నీ తెరుచుకునేలా గర్జించింది. జ్ఞానశేఖర్ కళ్లు చెమర్చాయి. పొగ వల్లనే అన్నాడు. కొడుకు టెన్త్ పాసైనప్పుడు కూడా ఆయన మొహం అంతగా వెలగలేదని కాంతమణి అంది.

శనివారం బయల్దేరేటప్పుడు, ప్యాంటుకు మడ్డి అంటుకుంటుందని ఆవిడే పెట్టెలోంచి కొత్త తెల్ల తువ్వాలు తీసి రంపానికి చుట్టి ఇచ్చింది. జరగబోయే అనర్థానికి అదే మొదలు.

చర్చిలో కోతపండుగ పాటల సాధన జరుగుతోంది. ఇప్పుడు ఆ మోత మోగిస్తే పాట పోతుందని, మర్నాడు ఆరాధన అయ్యాక కోసుకోవచ్చని పాస్టరు అయ్యగారు బతిమాలారు. సరేనని జ్ఞానశేఖర్ రంపాన్ని పక్కగదిలో ఒక బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చాడు. ఆ గదిలోనే సంఘస్తులు దేవునికి తెచ్చిన కానుకలు పెడతారనీ, కానుకను తెల్లబట్టలో చుట్టి తేవడం ఆ సంఘపు ఆనవాయితీ అనీ అతనికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ రోజు మాత్రం గుర్తుకు రాలేదు.

ఆదివారం అతను మందిరంలో అడుగుపెట్టేసరికి బలిపీఠం ముందు గుమ్మడికాయలు, చెరుకుగడలు, కాళ్లు కట్టిన కోళ్లు కొలువుదీరి ఉన్నాయి. వాటన్నిటికీ నడుమ బంతిపూల దండ వేసుకుని గొలుసు రంపం కూర్చుంది. స్త్రీల సమాజం అధ్యక్షురాలు మేబెల్ దాన్ని సబ్బునీళ్లతో కడిగి, మెరవడానికి ఒళ్లంతా కొబ్బరినూనె పట్టించింది. "దేవుని కానుక కదా అన్నయ్యగారూ, మడ్డితో పెడితే ఏం బాగుంటుంది?" అంది ఎంతో ప్రేమగా.

జ్ఞానశేఖర్‌కు అప్పుడు గుర్తొచ్చింది తెల్లబట్ట ఆనవాయితీ. గబగబా అయ్యగారి దగ్గరికి వెళ్లబోయాడు. ఈలోగా ప్రసంగం మొదలైంది. అయ్యగారు రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి, ఒక్కగానొక్క కొడుకును బలిపీఠం దాకా తీసుకెళ్లిన తండ్రి కథ ఎత్తుకున్నారు. మన మధ్య కూడా అలాంటివాడు ఉన్నాడని, మాను కోయడానికి చేతులు బొబ్బలెక్కేలా బాగుచేసుకున్న వస్తువునే, మనసు మార్చుకుని, తెల్లబట్టలో చుట్టి దేవునికి ఇచ్చేశాడని చెప్పారు. ఆ తండ్రికి ఆఖరి నిమిషంలో కొడుకుకు బదులు పొదలో పొట్టేలు దొరికింది. జ్ఞానశేఖర్ చుట్టూ చూశాడు. పొట్లకాయలు తప్ప ఏమీ కనబడలేదు.

అప్పటికైనా లేచి నిజం చెప్పవలసింది. కానీ నాడు నవ్విన మొహాలన్నీ ఇవాళ అతని వైపు తిరిగి ఉన్నాయి. ముసలమ్మలు కొంగులతో కళ్లు ఒత్తుకుంటున్నారు. యేసురాజంతటివాడు తల వంచుకున్నాడు. జ్ఞానశేఖర్‌కు ఒళ్లు పులకరించింది. లేచి నిలబడి, వినయంగా చేతులు జోడించాడు. కూర్చున్నాక గానీ తానేం చేశాడో అతనికి తెలిసిరాలేదు.

ఆరాధన తర్వాత కానుకలను వేలం వేస్తారు. ఇచ్చినవాడే తన కానుకను పాడుకోవడం అక్కడ మర్యాద కాదు, ఇచ్చింది వెనక్కి లాక్కున్నట్టు ఉంటుంది. ఏటా ఈ వేలంలో నాటుకోళ్ల కోసం వచ్చే పాల వ్యాపారి బిక్షం ఆవరణ చివర నిలబడి ఉన్నాడు. జ్ఞానశేఖర్ అతన్ని గోడ చాటుకు తీసుకెళ్లి, తన పేరు బయటికి రాకుండా రంపాన్ని పాడమన్నాడు. తాను చెవి తడుముకున్నంతసేపూ పాట పెంచుతూ ఉండాలన్నాడు.

"ఫికర్ జేయకుండ్రి సార్. గా మిషన్ మనదే అనుకోండ్రి" అన్నాడు బిక్షం.

వేలం వేసేది యేసురాజే. కోళ్లు, గుమ్మడికాయలు అయిపోయాయి. రంపం వంతు వచ్చింది. బిక్షం పాట మొదలుపెట్టగానే ఆడవాళ్ల వైపు నుంచి మేబెల్ అంతకు పైన పాడింది. జ్ఞానశేఖర్ ఉలిక్కిపడి చెవి తడుముకున్నాడు. బిక్షం పెంచాడు. మేబెల్ తగ్గలేదు. వేలం చూసేవాళ్లంతా మెడలు అటూ ఇటూ తిప్పీ తిప్పీ అలసిపోయారు. తుక్కు ధరను దాటి, కొత్త రంపం ధరను దాటి పాట పైకి పోతోంది. స్కూల్లో పాఠాలు చెప్పుకునే మేబెల్‌కు రంపమెందుకో జ్ఞానశేఖర్‌కు అంతుబట్టలేదు. చెవి మాత్రం ఎర్రగా కందిపోయింది.

ఇంత గిరాకీ ఉన్న వస్తువు తెచ్చినవాణ్నా తాను పెన్ను పేరు చెప్పి వెక్కిరించింది అని యేసురాజుకు బెంగ పట్టుకుంది. ఇందులో తనకు తెలియని మర్మమేదో ఉందనుకున్నాడు. వేలం వేస్తున్నవాడు వేస్తున్నట్టే గొంతు సవరించుకుని తానే ఒక పాట పాడేశాడు.

సరిగ్గా అప్పుడే జ్ఞానశేఖర్ చూపు ఆడవాళ్ల వైపు పోయింది. మేబెల్ వెనక కూర్చున్న కాంతమణి చీర చెంగు సవరించుకుంటోంది. ఆమె చెంగు కదిపినప్పుడల్లా మేబెల్ నోరు తెరవబోతోంది. కాంతమణి చూపు కూడా అదే క్షణంలో భర్త చెవి మీద, అక్కడి నుంచి బిక్షం మీద పడింది. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకరినొకరు చూస్తూ కొయ్యబారిపోయారు. చెవి మీది చెయ్యి జారింది, చెంగు కదలడం ఆగింది. సైగలు లేక బిక్షం, మేబెల్ ఇద్దరూ ఊరుకున్నారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని తనకు తానే చెప్పుకుని యేసురాజు రంపాన్ని దక్కించుకున్నాడు.

బయట మెట్ల దగ్గర కాంతమణి తలెత్తలేదు. "ప్రసంగంలో మీ మొహం చూశాను. ఇవ్వాలని తెచ్చింది కాదని నాకు తెలీదా? తువ్వాలు చుట్టింది నేనే కదండీ. ఎలాగైనా మీ చేతిలో మళ్లీ పెట్టాలనుకున్నాను." వంటింటిని అన్నాళ్లు పాడుచేసిన వస్తువు కోసం ఆవిడ అంతకు తెగించిందని వినేసరికి జ్ఞానశేఖర్‌కు రంపం పోయిన బాధ సగం పోయింది. మిగతా సగం మాత్రం మాను దగ్గర నిలబడి ఉంది.

సాయంత్రం అడితి బండి రానే వచ్చింది. యేసురాజు తన రంపం సత్తా చూపిస్తానని సంఘాన్నంతా మాను చుట్టూ నిలబెట్టాడు. తాడు లాగాడు. చొక్కా తడిసేదాకా లాగాడు. కొబ్బరినూనె వాసన తప్ప ఏమీ రాలేదు. అడితివాడు గొడ్డలి భుజాన వేసుకుని ముందుకు వచ్చాడు. పనికిరాదని ఒప్పుకుంటే అంత పెట్టి కొన్న తెలివితక్కువవాడు తానే అవుతాడు. యేసురాజు నాలుగు వైపులా చూసి, చివరికి గొంతు తగ్గించాడు.

"జ్ఞానశేఖర్ గారూ, మీరొకసారి చేయి వేస్తారా?"

జ్ఞానశేఖర్ తొందరపడలేదు. చొక్కా చేతులు మడిచాడు. ప్లగ్గు విప్పి ఆరబెట్టాడు. సబ్బునీళ్లు కలిసిన పెట్రోలు పారబోసి ఆయిలు కలిపిన కొత్త పెట్రోలు పోశాడు. నూనె తుడిచి గొలుసు బిగించాడు. కోత వంకర పోకుండా మాను పొడవునా నిచ్చెనను రైలు పట్టాలా పరిచి బిగించాడు. తాడు లాగాడు. రంపం దగ్గింది, మళ్లీ లాగితే గర్జించింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. వేప పొట్టు అతని మొహం మీద, భుజాల మీద కురిసింది. మాను చివరిదాకా వెళ్లి అతను ఇంజను ఆపేసరికి, మొదటి చెక్క వేరుపడి ఎర్రటి చేవ బయటపడింది. జ్ఞానశేఖర్ దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చేత్తో నిమిరాడు. ఇంత అందమైన పని తాను చేశాడంటే తనకే నమ్మశక్యం కాలేదు. కాంతమణి మాత్రం నమ్మింది. చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేలా "మా ఆయనే" అంది.

అడితివాడు కట్టెల బేరం మొదలుపెట్టబోతే యేసురాజు అడ్డుపడ్డాడు. "కట్టెలేమిటయ్యా? కలప. మన పిల్లలు చదువుకున్న చెట్టు, పొయ్యిలో పెట్టనిస్తామా?" అన్నాడు, ఆ మాట మొదటినుంచీ తనదే అన్నంత ధీమాగా. బండి ఖాళీగా వెళ్లిపోయింది.

బల్లలు క్రిస్మస్ నాటికి తయారయ్యాయి. వచ్చే కోతపండుగకు తాను కూడా ఆ రంపాన్ని దేవునికే ఇచ్చేస్తానని యేసురాజు సంఘం ముందు ప్రకటించాడు. మర్నాడే కాంతమణి, వచ్చే ఏటి వేలానికని, ఒక చీటీలో చేరింది.