తలుపుపట్టీల వారోత్సవం

కృష్ణగిరి జిల్లాలో ఇకమీదట ఏ కారూ తన పట్టీని పోగొట్టుకోదని జిల్లా వినియోగదారుల సంక్షేమ మండలి ఛైర్మన్ రామకృష్ణప్పగారు హోసూరులో ప్రకటించారు. ప్రకటించేటప్పుడు ఆయన కుడిచెయ్యి పైకి లేచింది. ఫోటోగ్రాఫర్లు సిద్ధంగా లేనందువల్ల మరోసారి ప్రకటించి మరోసారి చెయ్యి లేపారు.

జిల్లా కొత్తగా ఏర్పడిన రోజులవి. కలెక్టరాఫీసుకు సొంత గోడలు లేవకముందే మండళ్ళు లేచి నిలబడ్డాయి. వాటన్నిటిలోకీ చురుకైనది రామకృష్ణప్పగారిదే. ఆయన అప్పటికి మూడు పార్టీలకు సేవ చేసి, ఏ పార్టీనీ నొప్పించకుండా సరైన సమయానికి బయటికి వచ్చిన మనిషి. అంతటి అనుభవం ఒక పట్టీ సమస్యకు దొరకడం జిల్లా అదృష్టం.

సమస్య ఏమంటే, మయూరధ్వజ మోటార్స్ అనే కంపెనీ ‘ధ్వజ’ అనే కారు చేసింది. కారు బాగుంది. తలుపుల మీద ఈ కొసనుంచి ఆ కొసదాకా వెండిలా మెరిసే పట్టీ ఇంకా బాగుంది. దాని కింది జిగురు మాత్రం ఎండను ఓర్చుకోదు. కంపెనీ తప్పు ఒప్పుకుంది. బండ్లు వెనక్కి తెండి, ఉచితంగా కొత్త పట్టీలు వేస్తామని పేపర్లలో వేసింది. దీన్ని రీకాల్ అంటారు. జనం బండ్లు తీసుకొనిపోయారు. పట్టీలు రాలేదు.

ఆ రోజు షామియానాలో వెనక వరసలో కూర్చొని చప్పట్లు కొట్టినవాళ్ళలో కావేరిపట్టణం మామిడికాయల వ్యాపారి చెన్నకేశవ ఒకడు. ఆలోచించే కొట్టాడు. చప్పట్లకు పెట్టుబడి లేదు. పట్టీ వస్తే లాభం, రాకపోతే అరచేతులకు కొంచెం తరుగు.

అతనికి పట్టీ అవసరం అందరికంటే ఎక్కువ. హోసూరులో మామిడి గుజ్జు ఎగుమతి చేసే కంపెనీ ఒకటి ఈ సీజనుకు అతని దగ్గరే కాయ కొంటానంది. ఒకటే షరతు. కోసిన రోజే శాంపిల్ కాయలు తీసుకొని యజమాని స్వయంగా రావాలి. బస్సులో తెస్తే కాయ నలుగుతుంది, యజమాని అంతకన్నా నలుగుతాడు. నలిగిన మనిషి చెప్పే ధర ఎవరూ ఒప్పుకోరు. అందుకే కారు కొన్నాడు. ఆ కారులో హోసూరు పోవాలంటే కుందారపల్లి దాటాలి. చిక్కంతా అక్కడ ఉంది.

పోయిన నెల కుందారపల్లి దగ్గర అతని కారు పట్టీ ముందుకొస లేచింది. గాలికి విచ్చుకొని, కొరడాలా ఊగి, పక్కన మోపెడ్ మీద సంతకు పోతున్న మారప్ప అనే రైతు చెవిని చీల్చింది. ఆ ఊళ్ళో చేను మేసిన పశువును బందెలదొడ్డిలో కట్టేస్తారు. పశువుగలాయన వచ్చి నష్టం తీర్చి విడిపించుకోవాలి. పశువుకున్న న్యాయమే కారుకూ అన్నారు ఊరివాళ్ళు. కారు ఒక ఎనుముకూ రెండు మేకలకూ మధ్య నిలబడింది. చెన్నకేశవ చెవి కుట్టించి, బతిమాలి, బండి విడిపించుకున్నాడు. పోయేటప్పుడు తలకు కట్టుతో మారప్ప వచ్చి అతి నిదానంగా చెప్పాడు.

“చూడప్పా చెన్నకేశవా. చెవి నాది, అతుక్కుంటాది, పోనీ. ఇంకొకసారి ఆ పట్టీ ఏలాడతా ఈ దావలో వచ్చిందంటే బండి ఈడే ఉంటుంది. గడ్డి కూడా మేమే వేస్తాము.”

రాయకోట మీదుగా ఇంకో దారి ఉంది. ఆ దారిలోని గుంతలకు ఈ పక్క పట్టీ కాక ఆ పక్క పట్టీ కూడా లేస్తుందని ఒకసారి పోయి తెలుసుకున్నాడు. మరి పట్టీని పీకి పారేయరాదా అని అతని భార్య నంజమ్మ అడిగింది. ఆమె ప్రశ్నలో న్యాయముంది. ఊరి చుట్టుపక్కల తిరిగేటప్పుడు పట్టీకి తాడు కట్టి, తాడు కొసను కిటికీలోంచి లోపల పట్టుకొని కూర్చునే పని అప్పటికి ఆమెది.

“సంతకు గేదెను తోలుకొనిపోతా ఉన్నట్టు ఉంది” అంది. “పీకి యిసిరేయరాదా?”

“ఓనరు పీకితే వారంటీ పోతుందన్నాడు సర్వీసు మేనేజరు. ఉచితంగా వచ్చేదాన్ని మన చేత్తో మనమే పీకేదా?”

ఉచితంగా రావలసినదాన్ని వదులుకున్న వ్యాపారి వాళ్ళ వంశంలో లేడు. నంజమ్మ మళ్ళీ తాడు పట్టుకుంది.

ఇక రామకృష్ణప్పగారి కృషి. మొదట పట్టీ రక్షణ వారోత్సవం జరిగింది. ప్రారంభంగా ధ్వజ కార్లన్నీ హోసూరు నుంచి కృష్ణగిరికి అవగాహన ర్యాలీ తీశాయి. ముందు పోలీసు జీపు ఉన్నందువల్ల కుందారపల్లి వాళ్ళు మర్యాదగా చూస్తూ నిలబడ్డారు. దారి పొడుగునా పట్టీలు రాలాయి. అవగాహన రోడ్డంతా వ్యాపించిందని మరుసటి రోజు పేపర్లో వచ్చింది.

తర్వాత మండలి సభ్యులు కుటుంబాలతో సహా ఊటీ పోయి వచ్చారు. ఎండలో జిగురు ఎందుకు కరుగుతుందో తెలియాలంటే, చలిలో ఎందుకు కరగదో ముందు తెలియాలి కదా. చలిలో జిగురు ఎంతో విశ్వాసంగా పనిచేస్తోందని వాళ్ళు కనిపెట్టారు. కార్లను ఎండలో నడపరాదని సిఫారసు చేశారు. పడమటి గాలి పట్టే ఆ ఊటీ గదుల్లో సభ్యులు ఎంత చలి భరించారో రామకృష్ణప్పగారు చెబుతుంటే వింటున్నవాళ్ళ కళ్ళు చెమర్చాయి.

వారోత్సవం ముగిసింది. బస్సులో పోయి అడిగితే హోసూరు సర్వీసు షెడ్డులో చెన్నకేశవకు పాత జవాబే దొరికింది. సర్వీసు మేనేజరు రక్షిత్ మంచి కుర్రవాడు, ఇస్త్రీ చొక్కా. పార్టు ‘ఆన్ ద వే’ అన్నాడు. యాడ ఉందప్పా ఆ వే అని చెన్నకేశవ అడిగితే, సిస్టంలో చూసి, వే కనబడడం లేదు గానీ ఆన్ అని మాత్రం ఉంది సార్ అన్నాడు.

తోటల్లో కాయ ముదిరింది. గుజ్జు కంపెనీ నుంచి ఫోను వచ్చింది: సామల్పట్టి వ్యాపారి ఒకాయన రోజూ శాంపిల్ తెస్తున్నాడు, మీరు రాకపోతే ఆర్డరు ఆయనకే. చెన్నకేశవ ఒక బుట్ట మేలురకం కాయ ఏరి, గడ్డి పరిచి, రామకృష్ణప్పగారి ఇంటికి పోయాడు. తన కష్టమంతా చెప్పుకున్నాడు. రామకృష్ణప్పగారు ఒక కాయను ముక్కు దగ్గర పెట్టుకొని పూర్తిగా విన్నారు.

“పార్టు వచ్చేవరకు ప్రజలు కాచుకోవాల్సిన పని లేదు,” అన్నారు. “నేను ఉన్నాను.”

లోపలినుంచి పక్కకొకటిగా రెండు స్టిక్కర్లు తెప్పించారు. ఒక్కొక్కటి తలుపంత పొడుగు, జానెడు వెడల్పు. ఎడమ కొసన రామకృష్ణప్పగారు నవ్వుతున్నారు, కుడి కొసన రామకృష్ణప్పగారు దండం పెడుతున్నారు, మధ్యలో ‘ఈ బండి పట్టీ నా బాధ్యత’ అని ఉంది. శివకాశిలో అచ్చు వేయించారట. పట్టీ మీద పరిచి అతికించి చూస్తే, ఆశ్చర్యం, పట్టీ కదల్లేదు. మయూరధ్వజ ఇంజనీర్లు ఎన్నో ఏళ్ళు చదివి చేయలేని జిగురును ఎన్నికల స్టిక్కర్లవాళ్ళు ఏమీ చదవకుండా చేశారు.

మరుసటి రోజు కుందారపల్లిలో మారప్ప కారు ఆపాడు. కింద పడిన గింజలు ఏరినట్టు పట్టీ పొడుగునా వేళ్ళతో తడిమాడు. లాగి చూశాడు. రామకృష్ణప్పగారి ముక్కు దగ్గర గోరు పెట్టి లేపబోయాడు. లేవలేదు.

“ఈయప్ప యాడా ఇంత గట్టిగా అతుక్కున్నది నేను చూడలేదు,” అన్నాడు. “పోప్పా, పో.”

ఆర్డరు చెన్నకేశవకు దక్కింది. రోజూ శాంపిల్ పోయింది, లోడ్లు పోయాయి. నంజమ్మ చేతికి తాడు తప్పింది. జిల్లాలోని ధ్వజ కార్లన్నీ ఛైర్మన్‌గారి నవ్వుతో తిరిగాయి. పట్టీ ఊడిన కారు ఒక్కటీ లేదని మండలి తీర్మానించింది. అది చూపించి మయూరధ్వజవారు కొత్త పట్టీల ఆర్డరు రద్దు చేసుకున్నారు. అంత సొమ్ము మిగిల్చిన మండలికి ఒక ధ్వజ కారు ఇచ్చారు, అధ్యయనం కోసం. అధ్యయనం రామకృష్ణప్పగారి వాకిట్లోనే జరగసాగింది. ఆ కారుకు స్టిక్కరు సహజంగానే ఇంకొంచెం పెద్దది.

ఇంతలో అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. నాలుగో పార్టీ ఒకటి రామకృష్ణప్పగారి సేవను గుర్తించి టికెట్టు ఇచ్చింది. ఆ వార్త పేపర్లో చదివి చెన్నకేశవ సంతోషించాడు. మనకు తెలిసిన మనిషి గెలిస్తే మంచిదే, సరుకు ముందే కొని పెట్టుకున్నట్టు. ఆ వార్త పక్కనే ఎన్నికల నియమావళి గురించి కూడా వేశారు. అది అతను చదవలేదు.

మరుసటి రోజు పొద్దున శాంపిల్ బుట్టతో బయలుదేరితే, కృష్ణగిరి దాటేచోట ఎన్నికల తనిఖీ దళం కారు ఆపింది. అధికారి తలుపు వైపు చూశాడు. అభ్యర్థి ఫోటో ఉంది, తీయాలి అన్నాడు.

చెన్నకేశవ దిగి వివరించాడు. అది ప్రచారం కాదు, రిపేరు. దాని కింద పట్టీ ఉంది. పట్టీ లేస్తే కుందారపల్లిలో బండి బందెలదొడ్డికి పోతుంది, బండి పోతే ఆర్డరు సామల్పట్టికి పోతుంది.

“పట్టీ మా రూల్సులో లేదు,” అన్నాడు అధికారి. “ఫోటో ఉంది.”

“ఫోటో లాగితే పట్టీ లేస్తుంది సార్.”

“లేస్తే లేవనీ. మేము లాగేది ఫోటోనే కదా.”

ఇద్దరు సిబ్బంది చెరో కొస పట్టుకొని ఒక్క గుంజు గుంజారు. శివకాశి జిగురు మాట తప్పే రకం కాదు. పట్టీని వదలకుండా, మొదటినుంచి చివరిదాకా, ఒక్క ముక్క కూడా మిగల్చకుండా తనతోపాటు తీసుకొచ్చేసింది. రెండో పక్కా అంతే. ఛైర్మన్‌గారు నవ్వుతూ, దండం పెడుతూ, వీపున వెండి పట్టీతో పోయి జప్తు చేసిన జెండాల మీద పడ్డారు. వెనక ఆగిన లారీ డ్రైవర్ల వైపు తిరిగి చెన్నకేశవ గట్టిగా అన్నాడు.

“అందరూ చూసినారు కదా. పీకింది నేను కాదు.”

కుందారపల్లిలో మారప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. తలుపును ఈ కొసనుంచి ఆ కొసదాకా అరచేత్తో తడిమాడు. చేతికి తగిలేదేమీ లేదు. ఇంకోపక్కకు పోయి తడిమాడు.

“ఏమప్పా, పెండ్లికి అలికిన గోడ మాదిరి ఉంది. ఎవురు చేసిరి?”

“ఎలక్షనోళ్ళు.”

“అయిదేండ్లకొకసారి వాళ్ళైనా వస్తారు,” అన్నాడు మారప్ప, దారి ఇస్తూ.

అప్పుడే వెనకనుంచి మైకు మోగింది. రామకృష్ణప్పగారు ప్రచారానికి వస్తున్నారు, అధ్యయనం చేసే కారులోనే. దాన్నీ తనిఖీ దళం ఆపిందని వెంట ఉన్నవాళ్ళు చెప్పారు. అభ్యర్థిగారి సొంత బండి కాబట్టి సిబ్బంది గుంజలేదు. నీళ్ళు చల్లి, నానబెట్టి, గోటితో కొంచెం కొంచెం లేపి, ఫోటో చిరగకుండా తీసి ఆయన చేతికే ఇచ్చారు. అంత మర్యాదగా తీసినందువల్ల పట్టీ బండికే మిగిలింది. ముందుకొస లేచి, గాలికి బయటికి విచ్చుకొని, రెండు పక్కలా రెక్కల్లాగా ఊగుతూ కారు ఊళ్ళోకి వచ్చింది. హారతి పళ్ళెంతో రోడ్డు పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు వెనక్కి దుమికారు. పళ్ళెం ఎగిరిపోయింది.

మారప్ప చెయ్యి మళ్ళీ అడ్డం వచ్చింది. కారుగలాయన ఎవరనేది ఆ ఊరి బందెలదొడ్డి ఎప్పుడూ అడగలేదు. నలుగురు కలిసి కారును తోసుకొనిపోయి లోపల పెట్టి గడకర్ర అడ్డం వేశారు. రామకృష్ణప్పగారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. మైకు అందుకున్నారు.

“నా ప్రియమైన కుందారపల్లి ప్రజలారా, ఈ బండి నాది కాదు, మీది. ఈ రోజు దీన్ని మీ మధ్యనే వదిలి పోతా ఉన్నాను.”

“వదిలేదేమి సార్,” అన్నాడు మారప్ప. “మేమే కట్టేసినాము.”

అనుచరులు చప్పట్లు కొట్టారు. తర్వాతి సభ సూళగిరిలో. రామకృష్ణప్పగారు అటూ ఇటూ చూశారు. అనుచరులవన్నీ మోటారుసైకిళ్ళు, ఇస్త్రీ పంచెకు పనికిరావు. రోడ్డు మీద తిన్నగా నిలబడిన కారు ఒక్కటే ఉంది. ఆయన వచ్చి చెన్నకేశవ పక్క సీట్లో కూర్చున్నారు, మామిడికాయల బుట్టను ఒళ్ళో పెట్టుకొని.

కారు ఊరు దాటింది. రామకృష్ణప్పగారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తలుపును నిమిరారు. చాలాసేపు నిమిరారు.

“బాగా చేసినారే,” అన్నారు. “ఏలాడేది లేదు, ఊగేది లేదు. నీ బండికి ఈ రిపేరు ఎవరప్పా చేయించింది?”

చెన్నకేశవ రోడ్డు వైపే చూస్తూ లెక్క వేసుకున్నాడు. సీజను ఇంకా సగం ఉంది. వచ్చే సీజనూ ఉంది. ఈయన గెలవవచ్చు. ఓడితే అయిదో పార్టీ ఉంటుంది.

“తమరే సార్,” అన్నాడు.

రామకృష్ణప్పగారు సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకున్నారు.

“అవును,” అన్నారు. “గుర్తుంది.”