మేస్త్రి పస్తు, దవాఖాన చల్లన

ఈ దవాఖాన కట్టిన కాంట్రాక్టరునూ, బాగుందని సంతకం గీకిన ఇంజనీరునూ, రిబ్బను కత్తిరించిన నాయకుణ్ణీ ఎండాకాలం మిట్టమధ్యాహ్నం దాని లోపల పడుకోబెట్టి బయట గొళ్ళెం పెట్టాలి. కోరుట్ల దగ్గరి ఓ ఊరి దవాఖాన ఇది. తుప్పుపట్టి బిగుసుకుపోయిన కిటికీలు, పెనంలా కాలే కప్పు, కరెంటు పోతే ఆగిపోయే ఒకే ఒక్క ఫ్యాను.

అక్కడి ఆయా బాలమణికి ఆ పొద్దున ఒకటే ఆలోచన. కోడలు శ్రావణి నెలలు నిండి లోపల మంచం మీద ఉంది. కానుపయ్యేలోపు కప్పు మీద తెల్లగా సున్నం పడాలి, వేడి కొంతైనా తగ్గాలి. సర్కారుకు చెప్పీ చెప్పీ విసిగి, సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో మేస్త్రి పని చేసే తమ్ముడు చంద్రమౌళిని పిలిపించింది.

చంద్రమౌళి డ్రమ్ములో సున్నపురాయి నానబెట్టాడు. నీడ కోసం బాలమణి రోడ్డు పక్కన పెళ్లి షామియానా వేయించి జంపఖానా పరిచింది.

"సున్నం సల్లారేదాక జెర తిని ఒరుగు తమ్మీ" అని లోపలికి పోయింది. చంద్రమౌళి టిఫిను మూత మీద చెయ్యి వేశాడు. అందులో నాటుకోడి కూర.

తెలంగాణ కోసం ఊరూరా రిలే నిరాహార దీక్షలు సాగుతున్న రోజులవి. రోడ్డు పక్క షామియానా, కింద జంపఖానా, దాని మీద ఓ మనిషి కనపడితే ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. దండ వేసేవాళ్లు.

కోరుట్లలో రాస్తారోకో చేసి ట్రాక్టరులో తిరిగొస్తున్న గుంపు అక్కడే ఆగింది. గుంపుకు పెద్ద బాలకిషన్ దిగి, తన మెడలోని దండ తీసి మేస్త్రికి వేశాడు.

"జై తెలంగాణ! ఎవలికి జెప్పకుంట కూసున్నవా కాకా? పట్టుదలంటే గిదీ!"

"జై తెలంగాణే గని, నేను తిందామని..."

"దీక్షల తినుడేంది! ఎవలన్న సూత్తె మన ఇజ్జతేం గావాలె?" అంటూ బాలకిషన్ టిఫిను లాక్కున్నాడు. అది ట్రాక్టరెక్కింది.

బాలమణి ఉరికొచ్చి, "ఆయన దవాఖానకు సున్నమెయ్యనచ్చిండురా!" అని అరిచింది. డప్పుల మోతలో 'దవాఖాన' ఒక్కటే వినబడింది. ఫోన్ల మీద ఆ మాట జగిత్యాల చేరేసరికి, దవాఖాన బాగుపడేదాకా మేస్త్రి ఆమరణ దీక్షకు దిగాడని తేలింది.

పొద్దు నెత్తి మీదికొచ్చింది. ట్రాక్టరు గుంపు షామియానా చుట్టూ నినాదాలిస్తూనే ఉంది. తమ్ముడి మొహం చూడలేక బాలమణి కొంగులో అరటిపండు దాచి తెచ్చింది. అంతలో జగిత్యాల నుంచి వైద్యశాఖ ఆఫీసరు జీపు వచ్చి ఆగింది. బాలమణి జీపును చూసింది, తమ్ముణ్ణి చూసింది, పండు ఒలిచి తానే తినేసింది.

"అక్కా!" అన్నాడు చంద్రమౌళి.

"సప్పుడు జెయ్యకు. నువ్వు దీక్షలున్నవు."

ఆఫీసరు నిమ్మరసం గ్లాసుతో దిగాడు. "విరమించండి. మీ డిమాండ్ ఏమిటి?"

"సార్, నా టిఫిను..."

"ముందుగాల లోపటికి రా సారూ, తర్వాత మాట్లాడుకుందాం" అంటూ బాలమణి ఆయన్ని లోపలికి తీసుకుపోయి, బయటకొచ్చి గొళ్ళెం పెట్టింది. కాసేపటికి తలుపు దబదబా మోగింది. బయటపడ్డ ఆఫీసరు చొక్కా పిండితే బకెట్టు నిండేలా ఉంది.

"కిటికీలు, కప్పు, ఫ్యాన్లు, అన్నీ నెలలోపు చేయిస్తాను!"

"నెలనా? నా కోడలు గందాక నొప్పులాపుకుంటదా?"

ఆ మాటతో ట్రాక్టరు గుంపు చీపుర్లు పట్టుకుని కప్పెక్కింది. డ్రైవరు జీపులోని ఇనుప రాడ్డుతో కిటికీలు పెకలించి తెరిచాడు. మేస్త్రి మెడలో దండతోనే కింద నిలబడి, "ఇంకో పూత, ఇంకో పూత" అని నీరసంగా అరిచాడు. ఊరు సున్నంలో మునిగి నవ్వింది.

సాయంత్రం శ్రావణి ఆడపిల్లను కన్నది. "అత్తమ్మా, గాలత్తంది" అన్నది మెల్లగా. అప్పుడే చంద్రమౌళి నిమ్మరసం తాగాడు. బాలకిషన్ వినయంగా టిఫిను తిరిగిచ్చాడు. అందులో బొక్కలు కూడా లేవు.

బాలమణి మనవరాలిని ఎత్తుకుని ఎదురుగా ఉన్న బడిని చూపించింది. "గా బడి రేకుల కింద పోరగాండ్లు ఉడుకుతున్నరు. రేపే గాడ షామియానా ఎయ్యాలె. ఆఫీసరు, ఇంజనీరు ఇద్దరచ్చి లోపట కూసోవాలె. కప్పు బాగుచేసినంకనే లేవాలె!"

చంద్రమౌళి ఖాళీ టిఫిను బోర్లించి తట్టాడు. "ఎయ్యుండ్రి. గని ఈపాలి దీక్షకు బాలకిషన్ కూసోవాలె. ఆయన తినే అచ్చిండు."